గుమ్మంలో ఇరుక్కున్న హైచైర్

పసిపిల్లల డేకేర్‌లో పనిచేసి రిటైరయ్యానని చెబితే జనం అదోరకంగా నవ్వుతారు. "అంటే హాయిగా పిల్లలతో ఆడుకుని జీతం తీసుకున్నావన్నమాట" అన్నాడు మా బంధువొకాయన ఒక పెళ్ళి భోజనాల్లో, నోట్లో గారె పెట్టుకుని. నేను ఆయన మాట పట్టించుకోలేదు. ఆ గారె గొంతు దిగిందా లేదా అని చూస్తున్నాను. ఎదురుగా ఎవరు కూర్చుని తింటున్నా నా చూపు వాళ్ళ గొంతు దగ్గరే ఆగిపోతుంది. ఉద్యోగం అయిపోయినా ఆ చూపు పోలేదు. ఆడుకుని జీతం తీసుకున్నవాళ్ళకు ఇలాంటి జబ్బులు రావని ఆయనకు చెప్పాలనుకున్నాను కానీ, నోటినిండా గారె ఉన్న మనిషిని నవ్వించడం మంచిది కాదు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన అమ్మాయిలు అప్పుడప్పుడూ ఫోన్ చేస్తుంటారు. పిల్లల్ని హైచైర్ల నుంచి చిన్న కుర్చీల్లోకి ఎప్పుడు మార్చాలి, ఎలా మార్చాలి అని అడుగుతారు. పిల్ల ఊగిపోకుండా నిటారుగా కూర్చోవాలి, పాదాలు నేలకు ఆనాలి, అందరినీ ఒకేసారి కాకుండా ఒకరిద్దరిని చొప్పున దించాలి. ఇవన్నీ మీకు ట్రైనింగ్‌లో చెప్పే ఉంటారు. భయం సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను పనిచేసింది నాచారంలో, పారిశ్రామికవాడ వెనక సందులో ఒక పాత ఇంట్లో. కింది అంతస్తంతా డేకేర్. పొద్దున గేటు ముందు కారు, స్కూటీ, షేర్ ఆటో ఒకదాని వెనక ఒకటి ఆగేవి. ల్యాబుల్లో పనిచేసే తల్లులు, రైల్వే ఆఫీసుల వాళ్ళు, పక్క సందుల్లోని ఫ్యాక్టరీల్లో ప్యాకింగ్ చేసేవాళ్ళు, బట్టలు కుట్టేవాళ్ళు. గేటు దాటాక మాత్రం అందరి పిల్లలకూ ఒకటే పప్పన్నం.

ఆ పప్పన్నం తినే గది ఒకప్పుడు ఇంటివాళ్ళు సామాను పెట్టుకున్న గది. కిటికీలకు గట్టి ఇనప గ్రిల్స్. వెనక వంటగదిలోకి ఒక తలుపు, ముందు వరండాలోకి ఒక ఇరుకు తలుపు. వంటగది అవతల ప్రహరీగోడ. గోడ అవతల పరుపుల్లో వాడే ఫోమ్ నిలవ చేసే షెడ్డు ఉంది. ఆ షెడ్డు గురించి మేమెప్పుడూ ఆలోచించలేదు. నాచారంలో గోడ అవతల ఏముందా అని ఆలోచిస్తూ కూర్చుంటే ఎవరూ కాపురం చెయ్యలేరు.

గోడ పొడవునా హైచైర్లు వరసగా ఉండేవి. అవి కొన్నప్పుడు అట్టపెట్టెల్లో ముక్కలుగా వస్తే, మేమే ఆ గదిలో కూర్చుని స్క్రూలు బిగించాం. కాళ్ళు బాగా వెడల్పుగా చాచినట్టుంటాయి, ఒరిగిపోకుండా. పిల్లను పైకెత్తి కూర్చోబెట్టి, బెల్టు పెట్టి, ముందు ట్రే బిగిస్తే ఇక ఎటూ కదలదు. మా పెద్ద ఆయమ్మ చెంగిచెర్ల నుంచి వచ్చేది. నాకంటే పెద్దది, బలమైన మనిషి. ఒక పెద్ద గిన్నెలో అన్నం కలుపుకుని ఈ చివర నుంచి ఆ చివరకు ముద్దలు పెట్టుకుంటూ పోయేది. ఆ చివరకు వెళ్ళేసరికి ఈ చివర పిల్ల నోరు తెరిచి సిద్ధంగా ఉండేది. ఎవరు నమిలారు, ఎవరు మింగారు అని అడక్కండి. గిన్నె ఖాళీ అయ్యేది, మేం ఊపిరి పీల్చుకునేవాళ్ళం.

మా డేకేర్ నడిపే మేడమ్‌ది విజయవాడ. ఆవిడ ఎక్కడో ఒక బడి చూసొచ్చి, ఒకరోజు ఆటోట్రాలీలో చిన్న చిన్న కుర్చీలు, మోకాలెత్తు బల్ల దింపించింది.

"ఇకమీదట పిల్లలు వీటిలో కూర్చుని వాళ్ళ చేత్తో వాళ్ళే తింటారు" అంది.

పెద్ద ఆయమ్మ ఒక కుర్చీని ఒంటిచేత్తో ఎత్తి అటూ ఇటూ తిప్పి చూసింది. "గీ కుర్సీలల్ల కూసుంటరా మేడం వీళ్ళు? కోడిపిల్లల లెక్క ఉరుకుతరు. ఒక్కడు లేస్తె అందరు లేస్తరు. నేను ఎవరెన్క ఉరకాలె?"

"కూర్చుంటారు. కూర్చోబెడితేగా తెలిసేది!"

నిజం చెప్పాలంటే ఆయమ్మ కంటే నాకే ఎక్కువ భయం. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఉప్పల్‌లో వేరే చోట పనిచేస్తున్నప్పుడు, నోట్లో జామకాయ ముక్కతో నడుస్తున్న పిల్లాడు తట్టుకుని పడ్డాడు. లేవలేదు, ఏడవలేదు. ఏడవని పిల్లవాణ్ణి చూస్తే మీకు అర్థమవుతుంది, ఏడుపు ఎంత మంచి చప్పుడో. అక్కడి సీనియర్ టీచర్ వాణ్ణి ముంజేతి మీద బోర్లా వేసి వీపు మీద చరిచింది. ముక్క బయటపడింది, వాడు ఏడ్చాడు. నేను బాత్‌రూమ్‌లోకి వెళ్ళి వాంతి చేసుకున్నాను. అప్పట్నుంచీ నాకు బెల్టు పెట్టి కూర్చోబెట్టిన పిల్లంటేనే ధైర్యం.

అయినా మేడమ్ మాట కాదనలేక మొదలుపెట్టాం. ఇద్దరిని దించాం. నిజంగానే కోడిపిల్లల్లాగే ఉరికారు. ఆయమ్మ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. అప్పుడొక పద్ధతి పెట్టుకున్నాం. అన్నం అయ్యాక చిన్న ఇత్తడి గంట కొడతాను. గంట మోగాకే లేవాలి. లేచాక ఎవరి కుర్చీ వాళ్ళు బల్ల కిందికి తోసి, తలుపు దగ్గర వరసలో నిలబడాలి. గంటకు ముందు లేస్తే కంచం తీసేయడం. కుర్చీ తొయ్యడం వాళ్ళకు ఎంత ఇష్టమైపోయిందంటే, ఆ కాస్త పనికోసమే చివరిదాకా కదలకుండా కూర్చునేవాళ్ళు. నెమ్మదిగా మిగతావాళ్ళనూ దించాం. చేత్తో ముద్ద చేసుకోవడం, పక్కవాడి నోట్లో పెట్టడం, పెట్టించుకోవడం, నమలడం వచ్చాయి. ఆ నమలడం చూసి నేనే ఆశ్చర్యపోయాను. ఇన్నేళ్ళూ మేం పిల్లలకు మింగడం తప్ప ఏమీ నేర్పలేదు.

ఖాళీ అయిన హైచైర్లను ఒక్కొక్కటిగా స్క్రూలు విప్పి అటక మీద పెట్టించాం. ఒకటి మాత్రం మిగిలిపోయింది. ఒక పాప కోసం.

ఆ పాప తల్లి రెండు సందుల అవతల మాత్రల ప్యాకింగ్‌లో పనిచేసేది. ఊరు వదిలి వచ్చి దమ్మాయిగూడలో ఉంటున్నారు, మొగుడు చర్లపల్లిలో ఒక ఫ్యాక్టరీలో. పెళ్ళయిన చాలా ఏళ్ళకు పుట్టిన పిల్ల. ఏడాది వయసప్పుడు, ఒక ఆదివారం చర్చి నుంచి ఇంటికి వచ్చాక, ఎవరో చుట్టాల పిల్లాడు ముద్దొచ్చి పల్లీపట్టీ ముక్క నోట్లో పెట్టాడట. అది గొంతుకు అడ్డం పడి పాప నీలంగా మారింది. బండి మీద దవాఖానాకు ఉరుకుతుంటే, ఒక గుంతలో బండి ఎగిరిపడ్డ కుదుపుకు ముక్క బయటికొచ్చింది. మా వైపు రోడ్ల మీద గుంతల్ని తిట్టని మనిషిని ఆమెనొక్కదాన్నే చూశాను.

కానీ అప్పట్నుంచి పాపకు గట్టి తిండి బంద్. రెండేళ్ళు దాటినా మెత్తగా పిసికి, పలచగా చేసిన అన్నమే. డాక్టర్ బరువు చూసి కోప్పడ్డాడు, నమలడం నేర్పండి, ఇట్లాగైతే ఎట్లా అని. తల్లి విన్నది, తలూపింది, మళ్ళీ అన్నం పిసికింది.

"టీచర్, అందర్ని దించుకోన్రి. నా బిడ్డను మాత్రం దించకున్రి" అంది.

"ఎన్ని రోజులమ్మా?"

"మీకేం దెల్వది టీచర్. నా చేతులల్ల నీలంగైంది అది."

హైచైర్ బెల్టుకు క్లిప్పు విరిగిపోయింది. కొత్తది దొరకలేదు. అప్పుడామె తన చున్నీతో పాప నడుము చుట్టూ తిప్పి, కుర్చీ వెనక ముడివేయడం మొదలుపెట్టింది. అట్లా కట్టొద్దన్నాను. కట్టిన పిల్ల ట్రే కిందికి జారితే, నడుము దగ్గరి గుడ్డ ఎక్కడికి చేరుతుందో ఈ పనిలో ఉన్న ఎవరికైనా తెలుసు. అది చెప్పాను కూడా.

"అయితె రేపటి సంది తీస్కరాను. పని బందువెట్టి ఇంట్లనే కూసుంట" అంది. బెదిరింపు కాదు. ఏడుపు మొహంతో అంది.

అప్పుడు మేడమ్‌తో మాట్లాడి ఒక మధ్యమార్గం ఆలోచించాం. ఆమె మధ్యాహ్నం బ్రేక్‌లో వచ్చి, దగ్గరుండి తినిపిస్తున్నంతసేపే కట్టాలి. ఆమె లేనప్పుడు కట్టేది లేదు, ఆయమ్మ ఒళ్ళో పెట్టుకుని తినిపిస్తుంది. ఆమె ఒప్పుకుంది. రోజూ తలకు ప్యాకింగ్ టోపీతోనే ఉరుక్కుంటూ వచ్చేది. పాప పైనుంచి కింది పిల్లల్నే చూస్తూ ఉండేది. స్పూను కావాలనే కిందికి వేసేది. కింద ఎవడో ఒకడు లేచి అందించబోయి, గంట గుర్తొచ్చి మళ్ళీ కూర్చునేవాడు. పాపకు కిందికి రావాలని ఉందని మా అందరికీ తెలుసు. తల్లికీ తెలుసు. అందుకే ముడి ఇంకాస్త గట్టిగా వేసేది.

అదొక చలికాలపు మధ్యాహ్నం. మేడమ్ ఊళ్ళో లేదు. పిల్లలు బల్ల చుట్టూ తింటున్నారు. తల్లి వచ్చి, చున్నీ కట్టి, పాపకు స్పూనుతో పెడుతోంది. నేను వరండా తలుపు దగ్గర స్టూలు మీద కూర్చున్నాను. వరండా అవతలి ముందుగదిలో చిన్న ఆయా ఇద్దరు చంటిపిల్లల్ని నిద్రపుచ్చుతోంది.

ఏదో మాడిన వాసన వచ్చింది.

"ఆయమ్మా, పొయ్యి మీద ఏమన్న పెట్టినవా?"

"అన్ని దించిన టీచర్. జర సూస్త ఉండు" అని ఆయమ్మ వంటగదిలోకి వెళ్ళింది. వెళ్ళినంత వేగంగా వెనక్కి వచ్చింది. ఆమె మొహం నేనెప్పుడూ అట్లా చూడలేదు. "టీచర్... గోడ అవుతల..."

ఆమె వెనకాలే పొగ వచ్చింది. నల్లగా, బరువుగా, నేల మీద పాకుతున్నట్టు కాకుండా పైకప్పు పట్టుకుని వచ్చింది. కట్టెల పొగ కాదది. గొంతులోకి పోగానే మంట. నేను లేచి వంటగది తలుపు మూశాను. తలుపు కింద సందులోంచి, పైన వెంటిలేటర్లోంచి రావడం ఆగలేదు.

భయం వేస్తే కేకలు వేస్తామని అనుకుంటాం. నాకు గొంతే రాలేదు. చేతికి గంట తగిలింది. వేరే ఏం చెయ్యాలో తోచక గంట కొట్టాను.

పిల్లలు లేచారు. లేచి, ఎవరి కుర్చీ వాళ్ళు రెండు చేతులతో పట్టుకుని, జాగ్రత్తగా బల్ల కిందికి తొయ్యడం మొదలుపెట్టారు. ఒకడికి కుర్చీ కాలు బల్లకు తగిలి లోపలికి పోలేదు. వాడు వెనక్కి లాగి, సరిచేసి, మళ్ళీ తోశాడు. పైన పొగ కమ్ముకొస్తోంది, నేను నేర్పిన పద్ధతిని వాళ్ళు అక్షరం తప్పకుండా పాటిస్తున్నారు. "ఇడిసెయ్యిరా కొడుకా, ఇడిసెయ్యి" అని ఆయమ్మ వాడి చెయ్యి లాగుతుంటే వాడు ఏడుపు లంకించుకున్నాడు, కుర్చీ తొయ్యనివ్వలేదని. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం ఆ కాస్త ఆలస్యం నా ప్రాణం తీసింది.

ఇంతలో నా వెనక పెద్ద చప్పుడైంది.

తల్లి ముడి విప్పబోయి, విప్పలేక, పాపతో సహా కుర్చీనే పట్టుకుని తలుపులోంచి వెనక్కి నడుస్తూ లాగింది. ఆమె వరండాలోకి వెళ్ళింది. కుర్చీ వెనక కాళ్ళు గడప దాటాయి. ముందు కాళ్ళు ఇంకా వెడల్పు. అవి రెండు పక్కలా గుమ్మానికి తన్నుకుని బిగుసుకుపోయాయి. అన్నేళ్ళలో ఒక్క హైచైర్ కూడా ఆ గది దాటి బయటికి వెళ్ళలేదని అప్పుడు గుర్తొచ్చింది. ముక్కలుగా వచ్చినవి, ముక్కలుగానే అటకెక్కాయి. నిలబెట్టిన కుర్చీ ఆ గుమ్మంలో పట్టదని మాలో ఎవరికీ తెలియదు.

బయట తల్లి, లోపల మేము. మధ్యలో గుమ్మానికి అడ్డంగా కుర్చీ, దాంట్లో మా వైపు మొహం పెట్టి పాప. నా వెనక పిల్లలందరూ, వాళ్ళ వెనక పొగ.

"యేసయ్యా! యేసయ్యా! ఇడుస్తలేదు టీచర్!" తల్లి కుర్చీ వెనక ముడితో పెనుగులాడుతోంది. చెమట చేతులతో లాగినకొద్దీ అది బిగుస్తోంది. నేను కుర్చీని లోపలికి తోయబోతే ఆమె బయటికి లాగింది. "ఆగమ్మా, లాగకు, లాగకు" అన్నాను. ఆమెకు వినపడలేదు. వినపడే స్థితిలో లేదు.

అప్పుడు కనపడింది, కాళ్ళ మధ్య సందు. మోకాళ్ళ మీద కూలబడి, ముందున్న పిల్లవాణ్ణి వంచి అందులోకి తోశాను. "పో నాయినా, పాక్కుంట పో." వాడు ఆటనుకున్నాడో ఏమో, చకచకా పాకి పాప తల్లి కాళ్ళ పక్క నుంచి అవతల తేలాడు. ముందుగదిలోంచి చిన్న ఆయా చంటిపిల్లల్ని రెండు చంకలకెత్తుకుని అప్పటికే గేటు దగ్గరికి చేరింది. "దా, దా, నా దగ్గరికి దా" అని అక్కడ్నుంచి అరుస్తోంది. రెండోవాడు పాకాడు. మూడోది పాకనని మొండికేస్తే ఆయమ్మ దాని వీపు మీద ఒకటి వేసి తోసింది. నేనెప్పుడూ పిల్లల్ని కొట్టనివ్వలేదు. ఆరోజు ఏమీ అనలేదు.

ఒక్కొక్కళ్ళనూ తోస్తున్నాను. కళ్ళు మండిపోతున్నాయి. చివరి పిల్లవాడు, ఆ కుర్చీ తొయ్యనివ్వలేదని ఏడ్చినవాడు, దగ్గుతూ అవతలికి పోయాడు. అమ్మయ్య అనుకుని తలెత్తాను. నా ముఖం ముందు రెండు చిన్న కాళ్ళు గాలిలో ఆడుతున్నాయి.

పాప జారుతోంది.

తోటి పిల్లలందరూ తన కిందినుంచి బయటికి పోవడం చూసింది. తనూ పోవాలనుకుంది. ట్రే కింద నుంచి నడుము దించింది. చున్నీ పొట్ట మీదికి, ఛాతీ మీదికి జరిగింది. చంకల దగ్గర ఆగింది. గడ్డం ట్రే అంచుకు ఆనింది. వెనక తల్లి ముడి లాగుతూనే ఉంది, లాగినకొద్దీ గుడ్డ బిగుస్తోంది. నా ఉద్యోగమంతా నేను ఏ దృశ్యం చూడకూడదని కోరుకున్నానో, అది నా కళ్ళ ముందు, నా చేతికందే దూరంలో జరుగుతోంది.

పాప కాళ్ళు నా భుజాల మీదికి ఎత్తిపట్టాను. బరువు గుడ్డ మీద పడకూడదు. కానీ పైకి తోస్తే ట్రే అడ్డం, అది విప్పడానికి చెయ్యి ఖాళీ లేదు, కిందికి లాగితే గుడ్డ మెడకు వస్తుంది. పాప కళ్ళు పెద్దవి చేసి నా వైపు చూస్తోంది. ఏడవడం లేదు.

రోజూ తిన్నాక పిల్లలకు చొక్కాలు మారుస్తాం. అప్పుడు ఒక మాట అంటాం. అదే మాట నోటికొచ్చింది. ఆలోచించి అన్నది కాదు.

"చేతులు పైకి! బిడ్డా, చేతులు పైకి!"

పాప రెండు చేతులూ నిటారుగా పైకెత్తింది. చొక్కా విప్పుతున్నప్పుడు ఎత్తినట్టే, శ్రద్ధగా. చంకలు చున్నీలోంచి జారాయి. తల పక్కకు తిప్పి పట్టుకున్నాను, గడ్డం, చెవి, జుట్టు దాటాయి. పాప మొత్తం నా ఒళ్ళో పడింది. నేను దాన్ని గుండెకు అదుముకునేలోపే అది నన్ను విడిపించుకుని, కుర్చీ కాళ్ళ మధ్య నుంచి పాకి బయటికి వెళ్ళిపోయింది.

"జరుగు టీచర్" అని ఆయమ్మ నన్ను పక్కకు లాగి, భుజంతో కుర్చీని ఒక్క తోపు తోసింది. ఒక కాలు విరిగింది. కుర్చీ, దాంతోపాటు తల్లి, వరండాలో పడ్డారు. మేమిద్దరం వాటి మీదుగా దాటి బయటపడ్డాం.

పిల్లలు గేటు బయట చిన్న ఆయా చుట్టూ నిలబడి ఉన్నారు. లెక్కపెట్టాను. మళ్ళీ పెట్టాను. మూడోసారి పెడుతుంటే ఆయమ్మ "అందరున్నరు టీచర్, ఇగ సాలు" అంది. తల్లి కోసం వెనక్కి తిరిగాను. ఆమె ఇంకా వరండాలోనే కూర్చుని ఉంది. విరిగిన కుర్చీ ఒళ్ళో పెట్టుకుని, తల వంచుకుని, ముడి విప్పుతోంది. కుర్చీ ఖాళీ అని ఆమెకు తెలియదు. వెనక్కి ఉరికి, పక్కన కూర్చుని చేతులు పట్టుకున్నాను. విదిలించుకుంది. ఆయమ్మ పాపను ఎత్తుకొచ్చి ఆమె మొహానికి ఎదురుగా పెట్టింది. పాప "అమ్మా" అని టోపీ లాగింది. అప్పుడు చూసింది. చూసి కూడా చేతులు ఆ ముడిని వెంటనే వదల్లేదు.

ఫైరింజన్ వచ్చింది, షెడ్డులో మంటలు ఆర్పేశారు. ఎవరికీ ఏమీ కాలేదు. పిల్లలందరినీ దవాఖానాలో చూపించాం, పొగకు దగ్గు తప్ప ఏమీ లేదన్నారు. మరుసటి వారం ఆ గదికి గోడ కొట్టించి బయటికి ఇంకో తలుపు పెట్టించింది మేడమ్. మళ్ళీ పిల్లలు వచ్చారు, గంట మోగింది, కుర్చీలు బల్ల కిందికి వెళ్ళాయి. ఆ పాప మాత్రం రాలేదు.

తల్లి ఫోన్ ఎత్తలేదు. ప్యాకింగ్‌కు కూడా వెళ్ళడం లేదట. ఆయమ్మకు తెలిసినవాళ్ళు వాళ్ళ చర్చికే వెళ్తారు. వాళ్ళు చెప్పారట, ఆమె బిడ్డను నేల మీదికి దించడం లేదని. నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టలేదు. ఆ పిల్ల ఇక ఎప్పటికీ నమలడం నేర్చుకోదేమో, తల్లి చంక దిగదేమో అని ఒకటే దిగులు. చివరికి ఒక సాయంత్రం ఆయమ్మా నేనూ ఆటో ఎక్కి దమ్మాయిగూడ వెళ్ళాం.

మేడ మీద చిన్న పోర్షన్. తలుపు తీసి చూస్తే, ఆమె పాపను చంకనెత్తుకునే పొయ్యి దగ్గర నిలబడి పప్పు తిరగమోత పెడుతోంది. నూనె చిటపటలాడుతోంది. పాప చెయ్యి గరిటె వైపు చాస్తోంది.

"దించమ్మా దాన్ని" అన్నాను, అడుగు లోపల పెట్టకముందే.

"దించితె ఏమన్నైతది టీచర్."

"చంకనుంటెనే ఐతది. ఆ నూనె సూడు."

ఆమె నూనె వైపు చూసింది, స్టవ్ ఆపింది. పాపను మాత్రం దించలేదు. చాపేసింది, నీళ్ళిచ్చింది. తర్వాత తలెత్తకుండానే అడిగింది.

"ఆ దినం అది జారినప్పుడు మీరు ముందట్నే ఉన్నరు గదా. నిజం జెప్పున్రి. మెడకు వట్టిందా?"

నేను ఆయమ్మ వైపు చూశాను. ఆయమ్మ చెప్పొద్దన్నట్టు కళ్ళతోనే సైగ చేసింది. అబద్ధం చెప్పడం తేలిక. చెబితే ఆమె నమ్మదని కూడా తెలుసు.

"పట్టబోయింది" అన్నాను.

ఆమె ఏడవలేదు. పాప వీపు మీద చెయ్యి మాత్రం బిగుసుకుంది. "నేనే కట్టిన. నా చేతులతోని కట్టిన. అటెన్క నేనే గుంజిన."

"అవును. నేను కింద ఉన్న, నేనేం చెయ్యలేకపోయిన. చేతులు పైకెత్తమన్న. ఎత్తింది. అంత పొగల, అంత లొల్లిల, నా మాట ఇన్నది. ఆ దినం మనందరి కంటె అదే మంచిగ చేసింది."

"నాకు భయమైతది టీచర్."

"నాకు పోయిందనుకుంటున్నవా? రోజు పొద్దుగాల గేటు తీసినంక పిల్లల్ని మూడుసార్లు లెక్కవెడ్త. ఒక్కరు దగ్గినా నా పానం పోతది. ముప్పై ఏండ్లాయె, ఇప్పటికీ తక్కువ కాలే. నీకు కూడ పోదు. పోయినంక తీస్కొస్తనంటె ఎన్నడు తీస్కరావు."

ఓదార్చడానికి వెళ్ళి ఇలా మాట్లాడానేమిటని ఆటోలో నన్ను నేనే తిట్టుకున్నాను. ఆయమ్మ కూడా తిట్టింది, కాస్త గట్టిగానే. ఇక రాదని ఇద్దరమూ అనుకున్నాం.

తర్వాతి సోమవారం పొద్దున వచ్చింది. పాపను నా చేతికిచ్చి పనికి వెళ్ళిపోయింది. మధ్యాహ్నం బ్రేక్‌లో టోపీతో వచ్చేసరికి పాపను చిన్న కుర్చీలో కూర్చోబెట్టాం. ముందు మెత్తటి ఇడ్లీ, వేలి పొడవు ముక్కలు చేసి. తల్లి వెనక నిలబడి కుర్చీ వీపును రెండు చేతులతో పట్టుకుంది. పాప ఒక ముక్క తీసి నోట్లో పెట్టుకుంది. తల్లి చేతి వేళ్ళు తెల్లబడటం నాకు కనిపిస్తూనే ఉంది. పాప నమిలింది. చాలాసేపు నమిలింది. నేను ఒకటీ రెండూ అని లోపల లెక్కపెట్టుకుంటున్నానని ఎవరికీ చెప్పకండి. మింగింది. రెండో ముక్క తీసింది. అప్పుడు ముందుకు జరగాలనుకుంది, కుర్చీ కదల్లేదు, తల్లి పట్టుకుని ఉంది కాబట్టి. పాప వెనక్కి తిరిగి, ఇడ్లీ అంటిన చేత్తో తల్లి వేళ్ళను ఒక్కొక్కటిగా కుర్చీ మీద నుంచి తీసేసింది.

"అమ్మా, పో" అంది.

తల్లి మొహంలో నవ్వో ఏడుపో నాకు తెలియలేదు. చేతులు వెనక్కి తీసుకుంది. పాప నుదుటి మీద ముద్దుపెట్టబోయి, నోట్లో ముక్క ఉందని ఆగిపోయింది. మా ఎవరి వైపూ చూడకుండా బయటికి వెళ్ళిపోయింది. గేటు వేసిన చప్పుడు వినిపించింది.

కాసేపటికి ఆయమ్మ కిటికీలోంచి చూసి నా దగ్గరికి వచ్చింది. "పోలే టీచర్. గేటు అవుతల్నే నిలవడ్డది. పిలువనా?"

మా గేటు రేకుది. కింద జానెడు సందు. ఆ సందులోంచి ఆమె చెప్పులు కనబడుతున్నాయి, మా వైపే తిరిగి.

"వద్దు" అన్నాను. "పొమ్మని కూడా అనకు."

పాప మూడో ముక్క అందుకుంది. బయట ఫ్యాక్టరీ సైరన్ మోగింది. చెప్పులు కదల్లేదు. ఇంకాసేపు అట్లాగే ఉండి, తర్వాత అటు తిరిగాయి. నాలుగడుగులు నెమ్మదిగా నడిచి, పరుగందుకున్నాయి.